వైవిధ్యమున్న బృందాన్ని నియమించుకోవడం ఎలా? బెంగళూరు సంస్థలకు అంచెలవారీ మార్గదర్శి

బెంగళూరులో చిన్న, మధ్యతరహా సంస్థలు నడుపుతున్న తెలుగువారి నుంచి, ఆ సంస్థల్లో నియామకాలు చూసే హెచ్.ఆర్. ఉద్యోగుల నుంచి ఒకే ప్రశ్న పదే పదే వస్తోంది. తాము ఎవరినీ వద్దనడం లేదని, ప్రకటన అందరికీ కనబడేలాగే వేస్తున్నామని, అయినా ప్రతి విడతలోనూ ఒకే తరహా కళాశాలల నుంచి, ఒకే ప్రాంతం నుంచి వచ్చిన యువకులే చేరుతున్నారని వారు చెబుతున్నారు. మహిళలు, వైకల్యం ఉన్నవారు, ఉద్యోగంలో విరామం వచ్చినవారు, వేరే భాషలవారు తమ దాకా ఎందుకు రావడం లేదన్నది వారి ప్రశ్న.

చాలా సంస్థల్లో వారు వస్తూనే ఉన్నారు. ఎవరూ గమనించని ఏదో ఒక దశలో జారిపోతున్నారు. అందుకే ఈ పనిని కొత్త ప్రకటనతోనో, వెబ్‌సైట్‌లో నవ్వు ముఖాల ఫొటోలతోనో మొదలుపెట్టకూడదు. జారిపోయే చోటు ఏదో ముందు కనిపెట్టాలి, దాన్ని సరిచేయాలి, ఆ తర్వాతే మరింతమందిని పిలవాలి. కింది అంచెలను ఇదే వరుసలో పాటించవలసిందిగా కోరుతున్నాను.

1. ముందు లెక్క తీయండి

గడచిన 12 నెలల నియామకాల వివరాలన్నీ ఒక షీటులోకి తెచ్చుకోండి. దరఖాస్తు, రెజ్యూమే వడపోత, పరీక్ష, ఇంటర్వ్యూ, ఆఫర్, చేరిక, ఆరు నెలల తర్వాత కొనసాగుతున్నవారు అనే ఏడు దశలకు ఏడు నిలువు వరుసలు గీయండి. ప్రతి అభ్యర్థి ఏ దారిన వచ్చారో, అంటే రెఫరలా (ఉద్యోగుల సిఫారసా), జాబ్ పోర్టలా, క్యాంపసా, కన్సల్టెన్సీయా అన్నది మరో వరుసలో రాయండి.

ఈ షీటు ఏం చెబుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. 200 దరఖాస్తుల్లో 70 మహిళలవి అనుకుందాం. వడపోత తర్వాత మిగిలిన 40 మందిలో 14 మంది మహిళలు. ఆఫర్ అందుకున్న 10 మందిలో ముగ్గురు. చేరిన 7 మందిలో ఒక్కరూ లేరు. ఈ సంస్థ తన ప్రకటనను ఎంత అందంగా తిరగరాసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఇక్కడి సమస్య ఆఫర్‌కూ చేరికకూ మధ్య ఉంది. షిఫ్టు వేళలు, ఇంటికి వెళ్లే క్యాబ్, జీతం, ఆఫీసు ఉన్న చోటు చూసుకోవాలి. అదే 200 దరఖాస్తుల్లో మహిళలవి 15 మాత్రమే ఉంటే సమస్య మొదటి దశలోనే ఉంది కాబట్టి వైద్యం వేరు.

వివరాలు సేకరించేటప్పుడు జాగ్రత్త అవసరం. జెండర్, వైకల్యం వంటి వివరాలను విడి ఫారంలో, ఇష్టమైతేనే నింపేలా, ఎందుకు అడుగుతున్నామో చెప్పి తీసుకోవాలి. ఆ ఫారం ఇంటర్వ్యూ చేసేవారి కంట పడకూడదు. వ్యక్తిగత డేటా రక్షణ కోసం 2023లో వచ్చిన చట్టానికి సమ్మతే మూలసూత్రం. కులం గురించి చిన్న సంస్థల్లో అడగకపోవడమే మంచిదని నా అభిప్రాయం. 40 మంది పనిచేసే చోట ఆ సమాచారం రహస్యంగా మిగలదు. దానికి బదులు కళాశాల, జిల్లా, రెఫర్ చేసిన ఉద్యోగి పేరు అనే మూడు వివరాలను పక్కపక్కన పెట్టి చూడండి. నియామకాలు ఒకే వలయంలో తిరుగుతుంటే అక్కడే బయటపడుతుంది.

2. చట్టం అడిగేవి సరిచూసుకోండి

పిలిచే ముందు ఇల్లు సర్దుకోవాలి కదా. కింది వాటిలో ఏది లేకపోయినా ముందు దాన్ని పూర్తి చేయండి.

☐ వైకల్యం గల వ్యక్తుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 20 మంది, అంతకు మించి ఉన్న ప్రైవేటు సంస్థలైతే ఏ ఉద్యోగాలు వైకల్యం ఉన్నవారికి అనువైనవో, ఎంపిక ఎలా జరుగుతుందో, ఏ సదుపాయాలు ఉన్నాయో అందులో చెప్పి, బాధ్యత చూసే అధికారిని నియమించాలి.

☐ ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం, 2019 నియామకంలోనూ పదోన్నతిలోనూ వివక్షను నిషేధిస్తుంది. ఫిర్యాదులు స్వీకరించే అధికారి ఉండాలి.

☐ 10 మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద కనబడాలి.

☐ మొదటి ఇద్దరు పిల్లల విషయంలో 26 వారాల ప్రసూతి సెలవు, 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం 2017 సవరణ నుంచి తప్పనిసరి.

☐ రాత్రి షిఫ్టు ఉంటే మహిళా ఉద్యోగుల రవాణా, భద్రత ఏర్పాట్లు రాతపూర్వకంగా సిద్ధంగా ఉండాలి.

3. ఉద్యోగ వివరణను తిరగరాయండి

మన సంస్థల ప్రకటనల్లో తరచుగా కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: “చురుకైన యువకులు కావలెను. ఇంగ్లీషులో అనర్గళంగా మాట్లాడగలగాలి. పది, ఇంటర్, డిగ్రీ అన్నింటిలో 60 శాతానికి తగ్గకూడదు. ఒత్తిడిలో ఎంతసేపైనా పనిచేయాలి. సొంత వాహనం తప్పనిసరి.”

ఇందులో పని గురించి ఒక్క ముక్క కూడా లేదు, కానీ వెళ్లగొట్టే షరతులు ఐదు ఉన్నాయి. “యువకులు” అనే మాట మహిళలనూ, 40 దాటినవారినీ ఆపుతుంది. ఇంగ్లీషు షరతు పల్లెలో తెలుగు మీడియంలోనో కన్నడ మీడియంలోనో చదువుకొని వచ్చినవారిని ఆపుతుంది. 60 శాతం నిబంధన పదో తరగతినాటి ఇంటి పరిస్థితిని ఇప్పటి అర్హతగా మారుస్తుంది. వేళాపాళా లేని పని ఇంట్లో పిల్లల్నో పెద్దల్నో చూసుకునేవారిని ఆపుతుంది. సొంత వాహనం షరతు చూపులేనివారిని మొదటి చూపులోనే తిప్పి పంపుతుంది.

అదే ఉద్యోగాన్ని ఇలా రాయవచ్చు: “మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో లోపాలను కనిపెట్టి, డెవలపర్లకు అర్థమయ్యేలా రాసి పంపడం ఈ ఉద్యోగంలోని ప్రధానమైన పని. ఇంగ్లీషులో ఈమెయిల్, లోపాల నివేదిక స్పష్టంగా రాయగలగాలి. పని వేళలు ఉదయం 9.30 నుంచి సాయంత్రం 6.30 వరకు, నెలలో రెండు సార్లు సాఫ్ట్‌వేర్ విడుదల రోజున రాత్రి 9 దాకా ఉండవలసి వస్తుంది, ఆ రోజుల్లో సంస్థ క్యాబ్ ఇస్తుంది. ఆఫీసు మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. భవనానికి లిఫ్టు, ర్యాంపు ఉన్నాయి. పరీక్షకు గానీ ఇంటర్వ్యూకు గానీ ఏదైనా సదుపాయం కావాలంటే ఈ నంబరుకు చెప్పండి.”

జీతం ఎంత నుంచి ఎంత దాకా ఉంటుందో కూడా ప్రకటనలోనే రాయండి. బేరమాడే అలవాటు లేనివారు, బేరమాడితే తప్పుగా అనుకుంటారేమోనని వెనుకాడేవారు దీనివల్ల నష్టపోకుండా ఉంటారు.

తిరగరాశాక ప్రతి అర్హత పక్కన “ఇది లేకపోతే మొదటి నెలలో ఏ పని ఆగిపోతుంది?” అని రాసి జవాబు వెతకండి. జవాబు దొరకని అర్హతను తీసేయండి.

4. వెతికే చోట్లు మార్చండి

బెంగళూరులోని తెలుగు సంస్థలకు రెఫరల్ పెద్ద బలం, పెద్ద అడ్డంకి కూడా అదే. మారతహళ్లి పీజీల్లో (పేయింగ్ గెస్ట్ వసతుల్లో) ఒకే గదిలో ఉండే మిత్రులు, ఒకే ఇంజనీరింగ్ కళాశాల సీనియర్లూ జూనియర్లూ, ఒకే ఊరి బంధువులు ఒకరి వెనుక ఒకరు చేరుతారు. ఖర్చు తక్కువ, నమ్మకం ఎక్కువ కాబట్టి యాజమాన్యానికీ అది సుఖంగానే ఉంటుంది. కానీ “మనవాళ్లు” అనే మాటకు హద్దు ఎక్కడ ఉందో ఎవరూ పైకి చెప్పరు, అందరికీ తెలుసు. రెండేళ్లు గడిచేసరికి జట్టులో కులం, జిల్లా, కళాశాల మూడూ ఒకటైపోతాయి. ఎవరూ దురుద్దేశంతో చేయకపోయినా ఫలితం మాత్రం వివక్ష ఫలితం లాగే ఉంటుంది.

రెఫరల్‌ను పూర్తిగా ఆపమని నేను చెప్పను. కొత్త నియామకాల్లో రెఫరల్ వాటాకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టండి. రెఫర్ చేసిన ఉద్యోగి ఆ అభ్యర్థి ఇంటర్వ్యూలో కూర్చోకూడదని నియమం చేయండి. రెఫరల్ అభ్యర్థి కూడా మిగతావారు రాసే పరీక్షే రాయాలి.

మిగతా దారులు ఇవి.

కళాశాలలు: ప్రతి ఏటా వెళ్లే చోటికే కాకుండా కొత్త చోటికీ వెళ్లండి. పదో తరగతి మార్కుల ఆధారంగా గ్రామీణ విద్యార్థులకు సీట్లిచ్చే నూజివీడు, ఆర్.కె. వ్యాలీ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలు, బాసర ట్రిపుల్ ఐటీ, తిరుపతిలోని శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం మన పాఠకులకు తెలిసినవే. అక్కడితో ఆగితే మళ్లీ తెలుగు జట్టే తయారవుతుంది. ఉన్నది కర్ణాటకలో కాబట్టి కలబురగి, రాయచూరు కళాశాలలనూ, విజయపురలోని అక్కమహాదేవి మహిళా విశ్వవిద్యాలయాన్నీ జాబితాలో చేర్చండి.

వైకల్యం ఉన్న అభ్యర్థులు: బెంగళూరులో ఎనేబుల్ ఇండియా, సమర్థనం ట్రస్ట్, అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసేబిలిటీ వంటి సంస్థలు శిక్షణా ఇస్తాయి, ఉద్యోగాలతో జోడించే పనీ చేస్తాయి. ఖాళీ వచ్చిన రోజున ఫోన్ చేస్తే సరిపోదు. రెండు నెలల ముందే వెళ్లి, మీ పని ఏమిటో చూపించి, ఏ ఏర్పాటు అవసరమో వారి నోటనే వినండి.

విరామం తర్వాత తిరిగి వచ్చేవారు: ప్రకటనలో “విరామం ఉన్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చు” అని ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం రాయని చోట, తమను చూడరనుకొని చాలామంది దరఖాస్తే పెట్టరు.

కన్సల్టెన్సీలు: ఫోన్లో నోటిమాటగా వెళ్లే “అబ్బాయిలైతే మేలు”, “పెళ్లికానివారైతే మంచిది” వంటి సూచనలు మీ సంస్థ నుంచి ఎవరూ ఇవ్వకూడదని, ఇచ్చినా పాటించకూడదని ఒప్పందంలోనే రాయించండి.

5. రెజ్యూమే వడపోత

మన రెజ్యూమేల్లో తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లి వివరం, ఫొటో, సొంత ఊరి చిరునామా ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంటిపేరూ ఊరూ కలిపి చూస్తే తెలుగువాడికి చాలా సంగతులు అర్థమైపోతాయి. అర్థమయ్యాక వాటిని మరచిపోయి చదవడం ఎవరికీ సాధ్యం కాదు. కాబట్టి ఒక హెచ్.ఆర్. ఉద్యోగి ఈ వివరాలన్నీ తీసేసి, ఒక్కో దరఖాస్తుకు ఒక్కో సంఖ్య ఇచ్చి, ఆ తర్వాతే టెక్నికల్ సిబ్బందికి పంపాలి.

☐ వడపోత ప్రమాణాలు నాలుగుకు మించకూడదు. దరఖాస్తులు తెరవకముందే రాసి పెట్టాలి.
☐ ప్రతి దరఖాస్తునూ ఇద్దరు విడివిడిగా చూడాలి.
☐ విరామం, బ్యాక్‌లాగ్, కళాశాల పేరు ప్రమాణాలుగా ఉండకూడదు.
☐ తిరస్కరించిన ప్రతి దరఖాస్తు పక్కన ఏ ప్రమాణం తప్పిందో ఒక్క మాటలో రాయాలి.

6. పరీక్ష, ఇంటర్వ్యూ

అన్నింటికంటే ఎక్కువ సమయం ఈ దశకు కేటాయించండి.

పరీక్ష అసలు పనికి దగ్గరగా, గంటలోపు ముగిసేలా ఉండాలి. మూడు రోజులు ఇంట్లో చేసి తెమ్మనే ప్రాజెక్టులు ఇంటి బాధ్యతలు లేనివారికే అనుకూలిస్తాయి. ఆన్‌లైన్ పరీక్ష అయితే మీరే ముందు ఒకసారి మౌస్ పక్కన పెట్టి, కీబోర్డుతోనే మొదటి నుంచి చివరి దాకా రాసి చూడండి. ఆ తర్వాత తెర మీది అక్షరాలను చదివి వినిపించే, ఉచితంగా దొరికే ఎన్.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడర్ పెట్టుకొని, తెర ఆర్పేసి మళ్లీ ప్రయత్నించండి. బొమ్మలో ఉన్న అక్షరాలు టైపు చేయమనే క్యాప్చా దగ్గరో, మిగిలిన సమయాన్ని చదివి వినిపించని గడియారం దగ్గరో మీరు ఆగిపోతే, చూపులేని అభ్యర్థి కూడా అక్కడే ఆగిపోతారు. కెమెరాతో కాపలా కాసే సాఫ్ట్‌వేర్ కళ్లు తెర మీద లేకపోతే కాపీ కొడుతున్నట్టు గుర్తు పెడుతుంది. అలాంటి గుర్తును మనిషి పరిశీలించకుండా ఎవరినీ తీసేయకూడదు.

సహాయకుడితో రాసేవారికి అదనపు సమయం ఎంత ఇవ్వాలన్న సందేహం వస్తే, ప్రభుత్వ పరీక్షల మార్గదర్శకాల్లో ఉన్నట్టు గంటకు 20 నిమిషాలను కనీస ప్రమాణంగా తీసుకోండి.

ఇంటర్వ్యూలో అభ్యర్థులందరినీ అవే ప్రశ్నలు, అదే వరుసలో అడగాలి. మార్కులు ముందే రాసుకున్న కొలతల ప్రకారం వేయాలి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి ఒక ప్రశ్న, దాని కొలత చూడండి.

ప్రశ్న: విడుదలకు ముందురోజు సాయంత్రం ఒక పెద్ద లోపం మీకు కనబడింది. అది లోపమే కాదని డెవలపర్ అంటున్నారు. మీరేం చేస్తారు?

1 మార్కు: “మేనేజర్‌కు చెబుతాను” అని ఆగిపోవడం.
3 మార్కులు: లోపం మళ్లీ ఎలా వస్తుందో మెట్లవారీగా రాసి, స్క్రీన్‌షాట్ జతచేసి డెవలపర్‌కు చూపిస్తానని చెప్పడం.
5 మార్కులు: దానితోపాటు ఎంతమంది వినియోగదారులకు ఏ నష్టం కలుగుతుందో అంచనా వేసి, విడుదల ఆపాలా వద్దా అన్న నిర్ణయం ఎవరిదో గుర్తించి, వారి ముందు రెండు మార్గాలు పెట్టడం.

ఇలాంటి ప్రశ్నలు ఐదారు చాలు. ప్యానెల్ సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే తమ మార్కులు రాసి ఇచ్చేయాలి. లేకపోతే సీనియర్ నోరు తెరిచిన మరుక్షణం మిగతావారి మార్కులు ఆయన వైపు వాలిపోతాయి. “మన జట్టులో కలుస్తారా” అన్న వ్యాఖ్యను మార్కుల షీటులో అనుమతించకండి. ఆ మాట అన్నవారిని ఏ ప్రశ్నకు, ఏ జవాబు వల్ల అలా అనిపించిందో రాయమనండి.

అడగకూడని ప్రశ్నల జాబితాను ఇంటర్వ్యూ గదిలో బల్ల మీదే ఉంచండి.

☐ పెళ్లయిందా? పిల్లలు ఎంతమంది? మీవారు ఎక్కడ పనిచేస్తారు?
☐ రాత్రి ఆలస్యమైతే ఇంట్లో ఒప్పుకుంటారా? (పని వేళలు చెప్పి, అందరినీ ఒకేలా “ఇవి మీకు కుదురుతాయా?” అని అడగవచ్చు.)
☐ మీ ఇంటిపేరేమిటి? నాన్నగారు ఏం చేస్తారు? మీ ఊళ్లో ఫలానావారు తెలుసా?
☐ మీకు ఈ వైకల్యం ఎలా వచ్చింది?

మూడో వరుసను తేలిగ్గా తీసుకోవద్దు. అనంతపురం నుంచి వచ్చిన అభ్యర్థితో ప్యానెల్ తెలుగులోకి మారి, ఊరి కబుర్లతో పది నిమిషాలు గడిపితే ఆ అభ్యర్థి బెరుకు పోతుంది. తర్వాత లోపలికి వచ్చిన హుబ్బళ్లి అమ్మాయికి ఆ పది నిమిషాలు దొరకవు. ఆఫర్ చేతికి ఇచ్చేదాకా ఇంటర్వ్యూ మొత్తం ప్రకటించిన భాషలోనే సాగాలి.

7. ఆఫర్ నుంచి చేరిక దాకా

జీతాన్ని పాత జీతం మీద ఇంత శాతం అని కాకుండా, ఆ ఉద్యోగానికి ముందే నిర్ణయించిన పరిధి నుంచి ఇవ్వండి. తక్కువ జీతంతో మొదలైనవారు, విరామం తీసుకున్నవారు పాత లెక్క వల్ల జీవితాంతం వెనుకబడతారు. వేతనాల కోడ్, 2019 జీతంలోనూ నియామకంలోనూ జెండర్ వివక్షను నిషేధిస్తోంది కాబట్టి ఇది చట్టపరంగానూ క్షేమం.

బెంగళూరులో చేరికను నిర్ణయించేది చాలాసార్లు దూరమే. మెట్రో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా, 2025 ఆగస్టు నుంచి ఎల్లో లైన్ ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా నడుస్తున్నాయి. స్టేషన్ నుంచి ఆఫీసు దాకా షటిల్ ఉందో లేదో ఆఫర్ లెటర్‌తోపాటే చెప్పండి. అవసరమైన సదుపాయాల జాబితా అభ్యర్థి నుంచి తీసుకొని, చేరే రోజుకు ముందే సిద్ధం చేయండి. చేరాక స్క్రీన్ రీడర్ పెట్టడానికి అనుమతుల కోసం మూడు వారాలు తిప్పితే ఆ ఉద్యోగి పనిచేయలేకపోయారన్న ముద్ర అనవసరంగా పడుతుంది.

8. మొదటి 90 రోజులు

కొత్త ఉద్యోగికి తన మేనేజర్ కాని మరొకరిని తోడుగా ఇవ్వండి. 30, 60, 90 రోజులకు హెచ్.ఆర్. విడిగా మాట్లాడాలి.

జట్టులో అందరూ తెలుగువారై ఒక్కరు కాకపోతే, మీటింగులోనూ, గ్రూప్ చాట్‌లోనూ, భోజనాల బల్ల దగ్గరా ఏ భాష నడుస్తోందో గమనించండి. పని నిర్ణయాలు తెలుగులో జరిగిపోయి, ఆ ఒక్కరికీ సాయంత్రం ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పడం వారిని బయట నిలబెట్టడమే. పని మాటలు అందరికీ అర్థమయ్యే భాషలో జరగాలన్న నియమం టీమ్ లీడ్ తోనే మొదలవ్వాలి.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దే తీరు

ఒక్కరిని తీసుకొని ఆగిపోవడం: జట్టులో ఏకైక మహిళగా, ఏకైక వికలాంగ ఉద్యోగిగా ఉన్నవారి మీద భారం ఎక్కువ పడుతుంది, వారు త్వరగా వెళ్లిపోతారు. వీలైతే ఒకే విడతలో ఇద్దరు ముగ్గురిని ఒకే జట్టులోకి తీసుకోండి.

రిసెప్షన్‌కో, హెచ్.ఆర్.కో పరిమితం చేయడం: మొత్తం సంఖ్య బాగున్నా అది కంటితుడుపే. లెక్కను విభాగాలవారీగా, హోదాలవారీగా తీయండి.

ప్రమాణాలు తగ్గిస్తున్నారన్న గుసగుస: ఎంపిక షీట్లు ఉంటే జవాబు సులభం. ప్రశ్నలు, కొలతలు, మార్కులు అందరికీ ఒకటేనని జట్టుకు ముందే వివరించండి.

తొందరపాటు: ఖాళీ వచ్చిన వారంలో మనిషి కావాలంటే రెఫరల్ తప్ప దారి ఉండదు. రాబోయే ఆరు నెలల ఖాళీలను ముందే అంచనా వేసి, 4వ అంచెలోని సంస్థలతో, కళాశాలలతో ముందే మాట్లాడి ఉంచండి.

10. మొదటి ఆరు వారాల పని పట్టిక

☐ 1వ వారం: 12 నెలల షీటు తయారుచేసి, ఎక్కువమంది జారిపోతున్న దశను గుర్తించడం.
☐ 2వ వారం: చట్టపరమైన లోటుపాట్లు పూర్తి చేయడం, చక్రాల కుర్చీతో గేటు నుంచి ఇంటర్వ్యూ గదికీ, అక్కడి నుంచి మరుగుదొడ్డికీ వెళ్లి చూడడం.
☐ 3వ వారం: రాబోయే రెండు ఉద్యోగాల వివరణలు తిరగరాయడం.
☐ 4వ వారం: ప్రశ్నలు, మార్కుల కొలతలు రాయడం, ప్యానెల్ సభ్యులతో ఒక నమూనా ఇంటర్వ్యూ చేయించడం.
☐ 5వ వారం: రెఫరల్ నియమాలు ప్రకటించడం, కనీసం రెండు కొత్త చోట్లకు స్వయంగా వెళ్లడం.
☐ 6వ వారం: ఒకే ఒక్క ఉద్యోగానికి ఈ పద్ధతి మొత్తం అమలుచేసి, అదే షీటులో కొత్త వరుసగా లెక్క రాయడం. అందులో తేలిన లోపం సరిచేశాకే రెండో ఉద్యోగానికి ప్రకటన ఇవ్వండి.